రేపుదొర చేతి మీద లాటిను మాట

కాంపౌండరుకు లాటిను వస్తుందని మా కాలంలో జనం గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకాన్ని చెడగొట్టే పని మేమెవరమూ పెట్టుకోలేదు. డాక్టరుగారు గిలికిన కోడిగీతలు చదివి, కల్వంలో నూరి, సీసాలో ఎర్రనీళ్లు పోసి కిటికీలోంచి అందిస్తుంటే, అవతల నిలబడ్డవాళ్ల కళ్లకు మేము పెద్ద పండితుల్లాగా కనబడేవాళ్లం. నా లాటిను నిజానికి ఎంతంటే: రోజుకు మూడుసార్లు, అన్నం తిన్నాక, పడుకునే ముందు, సీసా బాగా కుదిపి, రేపు పొద్దున. ఈ ఆఖరుది భేదిమందుకు. అంతకు మించి ఒక్క ముక్క రాదు. ఇప్పుడు మందులన్నీ అట్టపెట్టెల్లో బిళ్లలై వస్తున్నాయి కనుక, ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన మీకు ఆ మాత్రం కూడా అక్కర్లేదు. నాకు మాత్రం ఆ కొద్దిపాటి లాటినుతో ఒక మనిషిని కోతబల్ల ఎక్కించవలసిన పని పడింది. మందులు కలపడం మీకు పుస్తకాలు నేర్పుతాయి. మొండికేసిన రోగి ముందు తాను కూడా మొండికేయడం ఏ పుస్తకమూ నేర్పదు గనక ఇది రాస్తున్నాను.

నేనప్పుడు వేలూరు ఆసుపత్రిలో కాంపౌండరుని. మాది పొన్నై పక్క పల్లె. మా నాయన నన్ను మడక వెనక నడిపించి సేద్యం చేయించాలని చూస్తే, చదివించేదాకా అన్నం ముట్టనని గోడకు వీపు ఆనించి కూర్చున్నవాణ్ని. ఆ మొండితనమే నాకు ఉద్యోగం ఇప్పించింది. అదే మొండితనం చాలా ఏళ్లపాటు నన్ను పైమెట్టు ఎక్కనివ్వలేదు కూడా.

గుడియాత్తం స్టేషనులో గూడ్సు షెడ్డు చూసే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. చట్టకారాయన, అంటే తాత తెల్లదొర, అవ్వ మన మనిషి. ఒంటిమీద కోటు, తలమీద టోపీ, నోట్లో మన మాట. పెళ్లీ పిల్లలూ లేరు. ఊళ్లో అందరూ ఆయన్ని రేపుదొర అనేవాళ్లు. లుంగీల మూటలతో నేతవాళ్లు వచ్చినా, తోళ్ల కట్టలతో బండివాళ్లు వచ్చినా, సరుకు విడిపించుకోవడానికి శెట్టి వచ్చినా ఆయన నోట వచ్చేది ఒకే మాట: "ఈపొద్దు కాదు సామీ, రేపు రా." లంచం కోసం కాదు. లంచం ఇచ్చినా రేపే రమ్మనేవాడు. తోళ్ల కంపెనీ దొరలకైతే అదే మాటను ఇంగ్లీషులో, టోపీ వేలెడంత పైకెత్తి, ఒక కన్ను కొట్టి మరీ చెప్పేవాడట. వాళ్లు కోపంతో ఎర్రబడి వెళ్లిపోతుంటే వెనక హమాలీలు మూతులు బిగించుకుని నవ్వేవాళ్లట.

ఆయన కాలిమీద ఒకరోజు తోళ్ల కట్ట పడింది. పాదం నలిగింది. ఆసుపత్రికి పోదాం రమ్మని హమాలీలు బతిమాలితే, రేపు పోదాంలే అన్నాడు. అలా ఎన్ని రేపులు గడిపాడో తెలియదు. ఆఖరికి వాళ్లే మంచంతో సహా రైల్లోకి ఎత్తి మా ఆసుపత్రికి తెచ్చి పడేశారు. కట్టు విప్పిన రోజున ఆ వాసనకు వార్డులో పక్క మంచంవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాదం నల్లబడి ఉంది.

మా డాక్టరుగారు తంజావూరు వైపు మనిషి. ముక్కుమీద కోపం, చేతిలో పనితనం, రెండూ సమంగా ఉన్నవాడు. ఆయన కాలు చూసి, నన్ను బయటికి పిలిచి చెప్పాడు.

"మోకాలి దిగువన తీసేస్తే మనిషి దక్కుతాడప్పా. నలుపు మోకాలు దాటిందంటే నేను చేసేది ఒండ్రుమిల్లె, ఏమీ లేదు. ఆయన్ని ఒప్పించు. నామాట వినేటట్టు లేడు."

"ఏమన్నాడండీ?"

"ఏమంటాడు. రేపు చూద్దాం అన్నాడు."

నాకు ఒళ్లు మండింది. చచ్చేవాణ్ని చూస్తే జాలిపడాలంటారు. నాకు మాత్రం కోపమే వచ్చింది. బతికే దారి కళ్లముందు తెరిచిపెట్టి ఉంటే, దాని ముందు కూర్చుని బీడీ కాల్చుకునే మనిషిని చూస్తే ఎవరికైనా అంతే. లోపలికి వెళ్లి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒప్పుకునేదాకా లేవనని చెప్పాను. 

"ఏమప్పా కాంపౌండరూ, నీకు లాటిను వస్తుందంట గదా?"

"వస్తుంది," అన్నాను, అలవాటుకొద్దీ.

"అయితే ఒక పని చెయ్యి. నేను జీవితమంతా చెప్పిన మాట ఒకటుండాది. అందరికీ చెప్పినాను. ఒకరికి మాత్రం ఇంకా చెప్పలే. ఈపొద్దు కాదు సామీ, రేపు రా. ఆ మాటను లాటినులోకి మార్చి నా చేతి మీద పచ్చబొట్టు పొడిపించు. పొడిపించినావంటే నీ బల్ల ఎక్కుతా."

తమాషా చేస్తున్నాడనుకున్నాను. కానీ కళ్లల్లో తమాషా లేదు. భయం ఉంది. రోగుల మధ్య ఇన్నేళ్లున్నవాణ్ని, ఆ చూపు నాకు తెలుసు. మత్తుమందు ఇస్తే తిరిగి లేవనని భయం. దాన్ని దాచుకోవడానికే ఆయన రేపు, రేపు అంటున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. నా కోపం సగం దిగిపోయింది.

"లాటిను ఎందుకు? తెలుగులో పొడిపిస్తే పోలేదా?"

"మా నాయన్ని పూడ్చినప్పుడు చూసినా. పాదరు చెప్పేదంతా లాటినే. ఈ ఊరి గోరీల తోటలో రాళ్ల మీదంతా లాటినే. సావుకు తెలుగు రాదు, తమిళం తెరియాదు, ఇంగ్లీషు గూడా సందేహమే. దానికి తెలిసిన బాసలో చెపితేనే గదా అది వినేది." మళ్లీ అన్నాడు: "పొడిచేది మా ఊరి సంతలో కూర్చునే అమ్మ. ఇంకెవరినీ ముట్టనియ్యను. ఆమె చెయ్యి తిన్నంగా పోతాది, నేను షెడ్డులోంచి చూస్తా ఉంటా."

సరేనన్నాను. ఒకసారి సరే అన్నాక వెనక్కి పోయే అలవాటు నాకు లేదు.

ముందు డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. చెప్పగానే ఆయన మీసాలు లేచాయి. "ఆసుపత్రిలో పచ్చబొట్టా? ఇదేమన్నా సంతా? చీము పట్టిన ఒంట్లో ఇంకో చోట సూది గుచ్చుతావా?" అని అరిచాడు. నేను కదల్లేదు. కాలు ఆయనది, రంపం మీది, మధ్యలో సూదులు నావి. వాటిని ఉడకబెట్టే పూచీ నాది, చెయ్యి కార్బాలికు మందునీళ్లతో కడిగే పూచీ నాది, ఇది కాకపోతే ఆయన బల్ల ఎక్కడు, ఎక్కకపోతే చస్తాడు, ఏం చేయమంటారో మీరే చెప్పండి అన్నాను. ఆయన గుమ్మం వైపు వేలు చూపించాడు.

"రేపు పొద్దున బల్ల సిద్ధంగా ఉంటుంది. ఆయన ఎక్కలేదంటే నిన్ను ఎక్కిస్తా, పో."

ఇక లాటిను మిగిలింది. మందులగదిలో కూర్చుని నాకున్నదంతా బయటికి తీశాను. రేపు అనే మాట నా దగ్గర ఉంది, భేదిమందు సీసా మీదిది: క్రాస్. రావడం అనే మాట లేదు. తిరిగి రమ్మనడానికి దగ్గరగా ఏముందా అని వెతికితే, అదే మందు మళ్లీ ఇవ్వవచ్చునని డాక్టర్లు రాసే మాట తగిలింది: రెపెతాతూర్. రెండూ కలిపితే గంభీరంగా ఉంది. చెవికి అచ్చం గోరీ మీది మాటే. అయినా ఒక మనిషి ఒంటిమీద చచ్చేదాకా ఉండే మాట కదా. సీసా మీద తప్పు రాస్తే చించి ఇంకొకటి అంటించవచ్చు, ఇది అలా కాదు. తెలిసినవాళ్లకు చూపించకుండా ముందుకు పోకూడదనుకుని పాదరుగారి దగ్గరికి బయలుదేరాను.

ఆయన ముసలి పాదరు. సముద్రం అవతలి మనిషే గాని, వేలూరుకు రాకముందు తెలుగు సీమలో చాలా ఏళ్లు ఉన్నాడు. ఆయన తెలుగంతా ప్రార్థన పుస్తకాల తెలుగు. నేను వెళ్లేసరికి గుడి పక్కన వంగమొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. సంగతి చెప్పాను. నీళ్లకుండ కింద పెట్టాడు.

"మరణముతో పరిహాసమాడుటకు మా భాషయే కావలసి వచ్చెనా?"

"అవునండీ," అన్నాను. 

"నీకు తెలిసినది చెప్పుము."

నా కూర్పు చెప్పాను. ఆయన గడ్డం వణికింది. నవ్వుతున్నాడని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. "కుమారుడా, నీవు మరణమునకు చెప్పుచున్నది ఏమనగా, ఇదే మోతాదు రేపు మరల ఇమ్ము అని." అంత పెద్దాయన నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది, కానీ నేను వచ్చిన పని మాత్రం వదల్లేదు. సరైన మాట రాసి ఇచ్చేదాకా మీ తోటకు నీళ్లు పోస్తూ ఉంటానని కుండ చేతికి తీసుకున్నాను. ఒక మడి తడిసింది. రెండో మడి మొదలుపెట్టాను. అప్పుడు అడిగాడు, ఆ మనిషి ఎవరని. చెప్పాను.

ఆయన మొహం మారింది. "ఆ గుమాస్తాయా. ప్రతి సంవత్సరము గుడియాత్తమునకు పోయినప్పుడు పూజకు రమ్మని పిలిచితిని. ప్రతిసారియు రేపు వచ్చెదననెను. మొన్న ఆసుపత్రికి వచ్చి, మరణ సమయమున చేయు అవస్థ ప్రార్థన చేసెదనంటిని. నన్నును రేపు రమ్మనెను."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆ తరవాత ఎక్కువ మాట్లాడే పని లేకపోయింది. ఆయన లోపలికి వెళ్లి, చిన్న కాగితం మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రెండే మాటలు రాసి తెచ్చాడు. క్రాస్ రెది. రేపు తిరిగి రా. "రేపు ఉదయము నేనును వత్తును. నన్ను మాత్రము మరల రేపు రమ్మనకూడదని చెప్పుము," అన్నాడు. చెపుతానన్నాను.

జట్కా మాట్లాడుకుని, పాలారు ఇసుక మీది వంతెన దాటి, కాట్పాడిలో బండి పట్టుకుని గుడియాత్తం చేరాను. అదృష్టవశాత్తూ అది సంతరోజే. లుంగీల కుప్పలు, మిరపకాయల ఘాటు, తోళ్ల కంపు దాటుకుంటూ పోతే సంత చివర తాటిచాప మీద ఆమె కూర్చుని ఉంది. నడివయసు మనిషి. ముందు కొబ్బరిచిప్పలో గుంటగలగరాకు పసరుతో కలిపిన మసి, పక్కన దారంతో కలిపి కట్టిన సూదులు. అణైకట్ వైపునుంచి వచ్చిన ఒక కొత్త కోడలి చేతి మీద చుక్కల ముగ్గు పొడుస్తూ, నొప్పి తెలియకుండా సన్నగా పాట పాడుతోంది. ఆ పని అయ్యేదాకా ఆగి, వేలూరుకు రావాలని, ఒక రోగికి పొడవాలని చెప్పాను.

"ఎవరికి నాయనా?"

"గూడ్సు షెడ్డు దొరకు."

సూదులు తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"రేపుదొరకా?"

"అవును తల్లీ."

"అయితే రేపు రా నాయనా."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. నేను చాప అంచు మీద చతికిలబడ్డాను. రేపు రాలేను, రేపటికి ఆ మనిషి ఉండడు అన్నాను.

"లేకపోతే పోనీ. నా తమ్ముడు కోలారు గనుల్లో చచ్చిపోయినాడు. లోపల్నే పూడిపోయినాడు, మొగం గూడా సూడలే. వాడి పెట్టె ఒకటి రైల్లో పంపించినారు. కంబళి, చొక్కాయి, వాడు తలకు కట్టుకునే గుడ్డ. అంతే. ఆ పెట్టె కోసరం నేను షెడ్డు కాడికి పోయినాను. రేపు రా అన్నాడు. మళ్లా పోయినాను. మళ్లా రేపు. పెట్టె యాడుండాదో కంటికి కనపడతా ఉండాది, చెయ్యి చాపితే అందేట్టు. ఇచ్చేది మాత్రం రేపే. వానకాలం వచ్చి పాయ. ఆకరికి ఇచ్చినాడు. మూత తీస్తే లోపలంతా చెదలు. వాడి వాసన గూడా మిగల్లేదు నాయనా." ఆమె సూదులు గుడ్డలో చుట్టింది. "వాడి చేతికి పచ్చబొట్టు నేనే పొడిచినాను, చిన్నప్పుడు. అదొక్కటే వాడితోపాటు పోయింది."

 ఆమెది తప్పని ఎలా అంటాను? నా చెల్లెలు అయివుంటే నేనే ఆ షెడ్డుకు నిప్పు పెట్టేవాణ్ని. ఆమెను బతిమాలడానికి నాకు నోరు రాలేదు. కానీ వేలూరులో ఆ నలుపు గంటగంటకూ మోకాలి వైపు పాకుతోంది. లేచి వెళ్లిపోతే నేను మనిషిని కాను. ఆలోచించి, తోచిందే చెప్పాను.

"పొడవొద్దు తల్లీ. ఊరికే రా. వచ్చి, ఈ మాట ఆయన మొహాన చెప్పు. ఇన్నాళ్లూ నువ్వు చెపుదామంటే ఆయన కిటికీ మూసేసేవాడు. ఇప్పుడు మంచం మీదినుంచి కదల్లేడు. వినక తప్పదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఆపైన చాప చుట్టింది.

 బండి కదిలినప్పుడు, గూడ్సు షెడ్డు దాటేదాకా కిటికీలోంచి దాన్నే చూసింది. ఆ రాత్రి మా ఇంటి అరుగు మీద పడుకుంది. మా ఇంటామె సంకటి పెడితే తిని, మా ఆవిడ మోచేతి మీది పాత పచ్చబొట్టు ఎవరు పొడిచారో మాత్రం అడిగి, వంకర పోయిందని చెప్పిందట.

తెల్లవారి నేను సూదులు అడిగి తీసుకుని గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. "సూదులు వండే ఇల్లు ఇప్పుడే సూస్తి," అంది. ఇచ్చిందంటే పొడుస్తుందేమోనని నాకు ఆశ పుట్టింది.

వార్డులో పాదరుగారు అప్పటికే వచ్చి మూలన నిలబడి ఉన్నాడు. ఆయన ప్రార్థన ముగించి ఈవలికి వచ్చాక నేను ఆమెను మంచం దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె నిలబడే చెప్పింది. గొంతు పెంచలేదు. కంబళి, చొక్కాయి, తలగుడ్డ, వాన, చెదలు. సంతలో నాకు చెప్పినట్టే, ఒక్క మాట ఎక్కువ లేదు. రేపుదొర మొదట కళ్లు చికిలించి, గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు. అది ఆయన మొహంలో స్పష్టంగా కనిపించింది, ఆమెకూ కనిపించింది.

"చెప్పి ఉంటానమ్మా," అన్నాడు చివరికి. "అందరికీ చెప్పినా గదా. నీ మొగం గూడా జ్ఞాపకం లేదు. నేను చచ్చేటప్పుడు ఇంత మంచి పనిమంతురాలు కావాలని అడిగినానే, సిగ్గు లేదు నాకు." చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు. "పచ్చబొట్టు వేండామ్మా, వద్దు. నువ్వు పో."

 పచ్చబొట్టు లేకపోతే బల్ల లేదు. తలుపు దగ్గర డాక్టరుగారు చేతులు కడుక్కుని నిలబడి ఉన్నాడు. ఆమె కదల్లేదు.

"ఆ మాట ఎవరికి చెప్పల్ల దొరా?"

"ఎవరికి. తీసుకుపోయేవాడికి."

"మా పచ్చబొట్టు ఒకటే మనిషి వెంబడి పోయేది. కమ్మలు, కడియాలు ఈడనే పీక్కుంటారు. ఆడ చూపించేదానికి ఇదొక్కటే ఉంటాది," అంటూ ఆమె చాప పరిచి మంచం పక్కన కూర్చుంది. "చెయ్యి ఇట్ల పెట్టు."

ఆయన ఎడమ ముంజేయి కార్బాలికుతో కడిగాను. పాదరుగారి కాగితం చూసి, ఒకటికి పదిసార్లు సరిచూసుకుంటూ, కాపీయింగు పెన్సిలుతో అక్షరాలు దిద్దాను. ఆమెకు ఏ భాషా చదవడం రాదు; ముగ్గు మీద చెయ్యి పోయినట్టు గీత వెంట పోయింది. ప్రతి బొమ్మకూ ఒక పాట ఉంటుందట వాళ్లకు. ఈ అక్షరాలకు పాట లేదు కాబట్టి నెమలిబొమ్మ పాటే పాడింది. వార్డంతా చెవులు నిక్కించి విన్నది. డాక్టరుగారు కూడా గుమ్మానికి ఆనుకుని విన్నాడు. మొదటి మాట అయింది. రెండో మాటలో మూడు అక్షరాలు అయ్యాయి. ఇక ఆఖరి ఐ ఒక్కటే మిగిలింది. అది అక్షరమన్న పేరే గాని ఒక నిలువు గీత.

ఆమె సూదులు గుడ్డలో చుట్టింది.

"ఇంకొకటి ఉంది తల్లీ," అన్నాను.

"తెలుసు నాయనా. అది రేపు."

"ఒక్క గీత. ఇప్పుడే అయిపోతుంది."

"రేపు," అంది, నన్ను కాదు, ఆయన్నే చూస్తూ. "సగం బొమ్మతో వచ్చినోళ్లను పైన ఆడ గడప లోపలికి రానియ్యరు. పోయి ముగించుకుని రా అని తిరిగి పంపించేస్తారు. మా అవ్వ చెప్పినాది. అందుకే మేము ఎప్పుడూ సగంలో ఇడిచిపెట్టం. నీకు మాత్రం ఇడుస్తా ఉండాను. రేపు రా దొరా."

 రేపుదొర తన చేతి వైపు చూసుకున్నాడు, ఆమె వైపు చూశాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు వచ్చాయి. "ఏమప్పా కాంపౌండరూ, బల్ల యాడ?" అన్నాడు.  నేను స్ట్రెచరు తెమ్మని చేత్తో సైగ చేశాను.

మత్తుమందు నేనే ఇచ్చాను. డాక్టరుగారి చెయ్యి ఆ రోజు నేను చూసినంతలో బాగా ఆడింది. కాలు మోకాలి దిగువనే తీశాడు. ఆ పైన జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. ఆమె మరుసటి రోజు వచ్చింది, ఉత్తచేతులతో. గుమ్మంలోంచే, "ఉండాడా?" అని అడిగింది. ఉన్నాడన్నాను. "అయితే రేపు వస్తాలే," అని వెళ్లిపోయింది. జ్వరం దిగేదాకా అలాగే వేలూరులో ఉండి, రోజూ వచ్చి ఆ మాటే చెప్పి పోయింది. నేను కలిపిన మందులకంటే ఆ మాట ఎక్కువ పనిచేసిందేమోనని ఇప్పటికీ నా అనుమానం. కాంపౌండరుగా నేను ఒప్పుకోకూడని సంగతి, అయినా చెపుతున్నాను.

కసితో చేసిందా, కరుణతో చేసిందా అని నేను ఆమెను తరవాత ఒకసారి అడిగాను. "నాకే తెల్దు నాయనా. చెయ్యి ఆడ నిలిచిపోయింది," అంది.

ఆయన కర్రకాలుతో మళ్లీ ఆ షెడ్డులోనే కూర్చున్నాడు. పూర్తిగా మారిపోయాడని రాస్తే మీకు బాగుంటుంది. మారలేదు. శెట్లను, తోళ్ల దొరలను రేపే రమ్మనేవాడు. కానీ కోలారునుంచి చచ్చినవాళ్ల పెట్టెలేవైనా వస్తే మాత్రం, బండి దిగిన పూటే హమాలీ నెత్తిన పెట్టించి, తానే కర్ర టకటకలాడించుకుంటూ వెనక నడిచి ఇంటికి చేర్చేవాడు. సంతరోజున ఆమె చాప దగ్గర ఆగి చెయ్యి చాపేవాడట. ఆమె తల ఎత్తకుండానే, "రేపు రా దొరా," అనేదట. అలా ఎన్నో ఏళ్లు జరిగింది. సంతకు వచ్చేవాళ్లకు అదొక వేడుక అయిపోయింది.

నేను ఉద్యోగం విడిచే ముందు ఆయన్ని మళ్లీ మా వార్డుకు తెచ్చారు. ఈసారి కాలు కాదు, గుండె. కోతకు లొంగే జబ్బు కాదు. ఎవరు కబురు చేశారో తెలియదు, ఆమె చాప చంకన పెట్టుకుని వచ్చింది. జుట్టు తెల్లబడింది, నడుము వంగింది. మంచం పక్కన కూర్చుని, సూదులు తీసి, నన్ను వండుకు రమ్మని ఇచ్చింది. నేను పొయ్యి మీదినుంచి తెచ్చేసరికి ఆయన ముంజేయి ఆమె ఒళ్లో ఉంది.

"ఆ గీత ఇప్పుడు వేసేసేదా దొరా? ఇంక చాలు గదా."

వెళ్లవచ్చునని ఆమె సెలవిస్తోంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.  ఆయన మెల్లగా కుడిచెయ్యి నుదుటి దాకా ఎత్తి, లేని టోపీని వేలెడంత పైకెత్తి, ఒక కన్ను కొట్టాడు.

"ఈపొద్దు కాదమ్మా. రేపు రా."

ఆమె సూదులు చుట్టేసింది. "వస్తాలే," అంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

చెప్పినట్టే మరునాడు వచ్చింది. ఆయనే లేడు. గోరీల తోటకు ఆమె కూడా మాతో నడిచి వచ్చింది. ముసలి పాదరుగారు అప్పటికే పోయారు. కొత్తగా వచ్చిన కుర్ర పాదరు ప్రార్థన చేస్తూ, పెట్టె మూసే ముందు ఆ ముంజేతిని చూసి ఆగిపోయాడు. ఆయనకు లాటిను బాగా వచ్చు. నా చెవిలో, ఇందులో ఒక అక్షరం తక్కువుందే అన్నాడు.

ఏమంటా ఉండాడని ఆమె నన్ను అడిగింది. చెప్పాను.

"రేపు వేస్తానని చెప్పు నాయనా," అంది.